క్లాత్ సిమ్యులేషన్ కోడ్, దాని చుట్టూ ఉన్న లైసెన్స్ చిక్కులు

త్రీడీ యానిమేషన్‌లో ఒక పాత్ర కట్టుకున్న చీర కుచ్చిళ్ళు నడకతో పాటు కదలాలంటే, వాటిని ప్రతి ఫ్రేములోనూ చేత్తో మలచడం దాదాపు అసాధ్యం. ఆ కదలికను భౌతికశాస్త్ర సూత్రాల ఆధారంగా కంప్యూటరే లెక్కగట్టే పద్ధతిని క్లాత్ సిమ్యులేషన్ అంటారు. త్రీడీ యానిమేషన్ ప్రోగ్రాము బ్లెండర్ వంటి ఓపెన్ సోర్స్ (మూల కోడ్‌ను చూడటానికి, మార్చడానికి, పంచడానికి అందరికీ ఇచ్చే) సాఫ్ట్‌వేర్‌కు ఎవరైనా కొత్త క్లాత్ సిమ్యులేషన్ కోడ్‌ను తెచ్చి ఇచ్చినప్పుడు, చూసేవారికి మొదట కలిగే ఆసక్తి మడతలు ఎంత సహజంగా పడుతున్నాయన్నదే. కానీ ఆ కోడ్‌ను స్వీకరించాలో వద్దో తేల్చవలసినవారు అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ కోడ్ ఎక్కడి నుంచి వచ్చింది, దీన్ని ఇతరులకు పంచిపెట్టే హక్కు తెచ్చినవారికి నిజంగా ఉందా?

దీనికి జవాబు చెప్పేటప్పుడు నాలుగు వేర్వేరు విషయాలు తరచూ ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. పద్ధతి మీద ఎవరికైనా హక్కు ఉంటుందా అన్నది ఒకటి. ఆ పద్ధతిని అమలుచేసిన ఫలానా కోడ్ మీద హక్కు ఎవరిదన్నది రెండోది. రెండు లైసెన్స్‌లు ఒకే ప్రోగ్రాములో ఇముడుతాయా అన్నది మూడోది, పేటెంట్ నాలుగోది. వీటిలో ప్రతిదానికీ పరిష్కారం వేరు. విడదీసి చూడకపోతే, నిశ్చింతగా వాడుకోదగిన పరిశోధనా పత్రాన్ని పక్కన పెట్టేసి, తాకకూడని కోడ్‌ను మాత్రం ధైర్యంగా కలిపేసే ప్రమాదం ఉంది.

ముందుగా ఆ కోడ్ ఏం చేస్తుందో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే లైసెన్స్ చిక్కులు ఆ పని స్వభావం నుంచే పుడతాయి. కంప్యూటర్ దృష్టిలో గుడ్డ అంటే చిన్న చిన్న త్రిభుజాలతో ఏర్పడిన ఒక మెష్. పొడవునా నూరు, అడ్డంగా నూరు బిందువులున్న మామూలు గుడ్డముక్కలోనే 10,000 బిందువులు ఉంటాయి. ఒక్కొక్క బిందువు మూడు దిశల్లో కదలగలదు కనుక ప్రతి అడుగులోనూ, అంటే కాలాన్ని విడగొట్టిన ప్రతి చిన్న ముక్కలోనూ, 30,000 రాశుల విలువలు కనుక్కోవాలి. గుడ్డ సాగదీతను చాలా గట్టిగా ఎదిరిస్తుంది, వంపును మాత్రం దాదాపు ఎదిరించదు. ఈ రెండు గుణాలూ ఒకే వస్తువులో ఉండటమే లెక్కను కష్టతరం చేస్తుంది. ఈ క్షణంలో ఉన్న బలాలను బట్టి వేగాన్ని, వేగాన్ని బట్టి స్థానాన్ని మార్చుకుంటూ పోయే తేలిక పద్ధతిలో, కాలపు అడుగు అత్యంత చిన్నదిగా లేకపోతే సాగదీత బలాలు అదుపు తప్పి మెష్ మొత్తం చెల్లాచెదురవుతుంది.

1987లో టెర్జోపోలస్, ఆయన సహచరులు సాగే వస్తువుల నమూనాలతో కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఈ బాట వేశారు. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుల సిగ్గ్రాఫ్ సదస్సులో సమర్పించిన పత్రం గుడ్డ విషయంలో పెద్ద మలుపు. ఇప్పటి బలాలతో కాక, అడుగు పూర్తయ్యాక ఉండబోయే బలాలతో సమీకరణాలు రాసి, వాటన్నిటినీ ఒకేసారి సాధిస్తే పెద్ద పెద్ద అడుగులు వేసినా గుడ్డ స్థిరంగా ఉంటుందని వారు చూపారు. అందుకు భారీ మాత్రిక (సంఖ్యల పట్టిక) ఒకటి కావాలి, కానీ అందులో అత్యధిక భాగం సున్నాలే కనుక కాంజుగేట్ గ్రేడియంట్ అనే పునరావృత పద్ధతితో దాన్ని సాధించవచ్చు. 2006లో మ్యూలర్ బృందం మరో దారి పట్టింది. బలాలను పక్కనపెట్టి, స్థానాలనే నేరుగా సవరిస్తూ షరతులను తీర్చే వారి పద్ధతి వేగం ముఖ్యమైన ఆటల్లో బాగా వ్యాపించింది.

అసలు కష్టం ఢీకొనడంలో ఉంది. గుడ్డ శరీరాన్ని తాకుతుంది, తనను తానే తాకుతుంది, మడతలో మడత చిక్కుకుంటుంది. ఒక్కసారి ఒక పొర మరో పొరలోంచి దూసుకుపోయిందంటే, ఏది లోపల, ఏది బయట అన్న సమాచారమే మిగలదు. 2002లో బ్రిడ్సన్, ఫెడ్కివ్, ఆండర్సన్ ప్రచురించిన పత్రం ఈ పనికి నేటికీ ఆధారం. ఒక బిందువు ఒక త్రిభుజాన్ని ఏ క్షణంలో తాకుతుందో తెలుసుకోవాలంటే, నాలుగు బిందువులు ఒకే తలంలోకి వచ్చే క్షణాన్ని కనుక్కోవాలి. అది కాలంలో ఒక ఘన సమీకరణం. కాగితం మీద దాన్ని సాధించడం సులువే. కానీ కంప్యూటర్ దశాంశాలను కుదించి దాచుకోవడం వల్ల వచ్చే అతిచిన్న దోషాలు కూడా ఒక ఢీని కనిపించకుండా చేయగలవు. అందుకని నిజమైన కోడ్‌లో ఎక్కడికక్కడ సహన పరిమితులు, వరుస క్రమాలు, మినహాయింపులు, ఏ పత్రంలోనూ పూర్తిగా రాయని చిన్న చిన్న నిర్ణయాలు గుట్టలుగా ఉంటాయి. పత్రం చదివి రాసిన మొదటి కోడ్‌కూ, సినిమాలో వాడదగిన కోడ్‌కూ మధ్య దూరం అదే. ఆ దూరాన్ని ఇంకొకరు ఇప్పటికే దాటి, తమ కోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టి ఉంటే, దాన్ని తెచ్చుకోవాలన్న కోరిక ఎంత బలంగా ఉంటుందో ఈ రంగంలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. లైసెన్స్ సమస్య మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

బ్లెండర్ చరిత్ర తెలిస్తే, ఆ ప్రాజెక్టు ఈ విషయంలో ఎందుకంత పట్టుదలగా ఉంటుందో అర్థమవుతుంది. నెదర్లాండ్స్‌లో టోన్ రూజెండాల్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, దాని యాజమాన్య సంస్థ 2002లో మూతపడటంతో ఆగిపోయే స్థితికి వచ్చింది. వాడుకరులు తలా కొంత వేసుకుని 1,00,000 యూరోలు సమకూర్చి సోర్స్ కోడ్‌ను విడిపించుకున్నారు. 2002 అక్టోబరు 13న అది గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్, అంటే జీపీఎల్ కింద విడుదలైంది. కోడ్‌ను మార్చి పంచేవారు కూడా అదే స్వేచ్ఛను అందుకునేవారికి ఇవ్వాలనే లైసెన్స్ అది. 2008 మేలో వచ్చిన 2.46 సంచికలో (వెర్షన్‌లో) వెంట్రుకల కొత్త వ్యవస్థతో పాటు క్లాత్ సిమ్యులేషన్ కూడా చేరింది. 2019, 2020 సంవత్సరాల్లో వచ్చిన 2.80, 2.82 సంచికల్లో వంపు నమూనా మెరుగుపడింది, లోపలి గాలి ఒత్తిడి వంటి సదుపాయాలు వచ్చాయి. సొంత డబ్బుతో జనం కొని తెచ్చుకున్న కోడ్‌లోకి హక్కులు తేలని ముక్క ఒక్కటి చొరబడినా, వారు దేన్ని కొన్నారో అదే సందేహంలో పడుతుంది. నా దృష్టిలో ఆ జాగ్రత్త అతి కాదు.

బ్లెండర్‌కు కోడ్ రాసి ఇచ్చేవారు తమ కాపీరైట్‌ను ఆ ప్రాజెక్టును నడిపే బ్లెండర్ ఫౌండేషన్‌కు బదిలీ చేయనక్కరలేదు. ఎవరు రాసిన భాగం మీద హక్కు వారిదే, అందరూ దాన్ని జీపీఎల్ కింద పంచుకుంటారంతే. అందువల్ల ఏ ఒక్కరూ మొత్తం కోడ్ లైసెన్స్‌ను మార్చలేరు. బయటి కోడ్ ఒకటి జీపీఎల్‌తో పొసగకపోతే, ప్రధాన లైసెన్స్‌ను దానికి తగ్గట్టు సడలించే అవకాశం ఆచరణలో లేదు. ఇమడవలసింది ఎప్పుడూ వచ్చే కోడే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పద్ధతి మీద కాపీరైట్ లేదు. ఇది లొసుగు కాదు, కాపీరైట్ చట్టానికి పునాది. అమెరికా సుప్రీంకోర్టు బేకర్, సెల్డెన్‌ల మధ్య నడిచిన 1879 నాటి వ్యాజ్యంలో, పద్దులు రాసే ఒక విధానాన్ని వివరించిన పుస్తకం మీద రచయితకు హక్కు ఉంటుంది గానీ ఆ విధానాన్ని వాడుకోకుండా ఇతరులను ఆపే హక్కు ఉండదని తేల్చింది. అమెరికా కాపీరైట్ చట్టంలోని 102(బి) సెక్షన్ అదే మాటను శాసనంగా చెబుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలన్నిటికీ వర్తించే ట్రిప్స్ ఒప్పందంలో 9వ అధికరణం ఆలోచనలకు, విధానాలకు, గణిత భావనలకు కాపీరైట్ రక్షణ లేదంటుంది. మన సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో 1978లో ఇచ్చిన తీర్పు కూడా ఇతివృత్తం, ఆలోచన వంటివాటిని వాటి వ్యక్తీకరణ నుంచి స్పష్టంగా వేరు చేసింది. కనుక బరాఫ్, విట్కిన్‌ల సమీకరణాలను, బ్రిడ్సన్ బృందం ఢీకొనడాన్ని పరిష్కరించిన క్రమాన్ని చదివి, అర్థం చేసుకుని, సొంతంగా కోడ్ రాయడానికి కాపీరైట్ పరంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పత్రంలోని వాక్యాలనూ బొమ్మలనూ తీసుకోనంత వరకు సరే.

కోడ్ సంగతి వేరు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము ఒక సాహిత్య రచనతో సమానం. రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. నమోదు అక్కర్లేదు, కాపీరైట్ గుర్తు పెట్టనక్కర్లేదు. కాపీరైట్ మీద అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలన్నిటిలోనూ ఇదే నియమం. దీని నుంచి వచ్చే ఫలితాన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. లైసెన్స్ ఫైలు లేకుండా, కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో కనిపించే కోడ్ అందరిదీ కాదు, ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వని కోడ్. పరిశోధకులు పత్రంతో పాటు జతపరిచే నమూనా కోడ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. వారికి పంచుకోవాలన్న ఉద్దేశం ఉండవచ్చు. ఆ ఉద్దేశాన్ని రాతలో పెట్టనంతవరకు ఇతరులు దాని మీద ఆధారపడలేరు.

గణితం బాగా తెలిసినవారు కూడా జారిపడే చోటు ఇంకొకటి ఉంది. కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతి అందరిదీ. అయితే దాన్ని అమలుచేసిన కోడ్‌ను సంఖ్యా గణనకు పేరుపొందిన న్యూమరికల్ రెసిపీస్ పుస్తకం నుంచి దించుకుంటే, ఆ కోడ్ సోర్స్‌ను పునఃపంపిణీ చేయడానికి దాని లైసెన్స్ ఒప్పుకోదు. పుస్తకం కొన్న వ్యక్తి తన కంప్యూటర్‌లో వాడుకోవచ్చు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కలపకూడదు. కొత్తగా వచ్చిన ఒక ప్యాచ్‌లో, అంటే ప్రాజెక్టులో చేర్చమని పంపిన కోడ్ మార్పులో, ఢీకొనే భాగమంతా సొంతంగా రాసినదై, సమీకరణాలు సాధించే యాభై వరుసలు మాత్రం అలాంటి చోటి నుంచి వచ్చి ఉండవచ్చు. ఎవరూ అనుమానించని ప్రాథమిక గణిత భాగంలోనే తనిఖీ మొదలుపెట్టాలి. ఈ పనికి ఐగెన్ వంటి లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునేందుకు సిద్ధంగా ఉంచిన కోడ్) అందుబాటులో ఉంది. అది 2012 నుంచి మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ రెండో సంచిక కింద ఉంది కనుక జీపీఎల్ ప్రాజెక్టులో నిశ్చింతగా వాడవచ్చు.

లైసెన్స్ స్పష్టంగా ఉండి కూడా ఆటంకమయ్యే సందర్భానికి ఆర్క్‌సిమ్ అనే క్లాత్ సిమ్యులేటర్ చక్కని ఉదాహరణ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో రాహుల్ నరైన్, అర్మిన్ సామీ, జేమ్స్ ఓబ్రయన్ 2012లో ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. ముడత పడబోయే చోట మెష్ తానే చిన్న త్రిభుజాలుగా విడిపోయి, చదునుగా ఉన్న చోట పెద్ద త్రిభుజాలుగా కలిసిపోయే పద్ధతి అది. అనవసరమైన చోట లెక్క తగ్గుతుంది, అవసరమైన చోట సూక్ష్మత పెరుగుతుంది. వారిలో మొదటి రచయిత నరైన్ తరువాత ఐఐటీ ఢిల్లీలో అధ్యాపకులయ్యారు. ఆర్క్‌సిమ్ సోర్స్ కోడ్‌ను విశ్వవిద్యాలయం బహిరంగంగానే ఇచ్చింది. అయితే దాన్ని వాడటానికి, మార్చడానికి, పంచడానికి ఇచ్చిన అనుమతి విద్య, పరిశోధన, లాభాపేక్ష లేని ప్రయోజనాల వరకే. వాణిజ్య అవసరానికైతే విశ్వవిద్యాలయపు లైసెన్సింగ్ కార్యాలయాన్ని సంప్రదించాలి.

బ్లెండర్ ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థే, సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తుంది, అలాంటప్పుడు ఈ కోడ్‌ను వాడుకుంటే తప్పేమిటని అడిగేవారున్నారు. ఆ వాదన చూడటానికి సమంజసంగానే ఉంటుంది, కానీ నిలవదు. జీపీఎల్ ఇచ్చే హామీ ఫౌండేషన్‌కు కాదు, సాఫ్ట్‌వేర్ అందుకునే ప్రతి ఒక్కరికీ. హైదరాబాద్‌లోని ఒక విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో బ్లెండర్‌తో సినిమా పని చేసి డబ్బు సంపాదించుకోవచ్చు, ఒక కంపెనీ బ్లెండర్ ప్రతులను అమ్ముకోవచ్చు, ఇంకొకరు మార్చి అమ్ముకోవచ్చు. జీపీఎల్ రెండో సంచికలోని 6వ సెక్షన్ ఈ హక్కుల మీద అదనపు ఆంక్షలేవీ పెట్టకూడదంటుంది. 7వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది: వేరే బాధ్యతల వల్ల ఈ షరతులను పాటించలేని పరిస్థితి వస్తే, అసలు పంపిణీయే చేయకూడదు. వాణిజ్య వాడకాన్ని నిషేధించే కోడ్ అటువంటి అదనపు ఆంక్షను తనతో తెస్తుంది. కలిపి విడుదల చేస్తే, ఒకే సమయంలో రెండు లైసెన్స్‌లనూ ఉల్లంఘించినట్టవుతుంది. ఏ రంగంలో వాడాలో నిర్దేశించే లైసెన్స్‌ను ఓపెన్ సోర్స్‌గా పరిగణించలేమని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఇచ్చిన ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని ఆరో సూత్రం కూడా అంటుంది. సోర్స్ కనిపించడం వేరు, ఓపెన్ సోర్స్ కావడం వేరు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. జీపీఎల్ షరతులు పంపిణీతోనే మొదలవుతాయి. ఒక పరిశోధక విద్యార్థి తన ప్రయోగశాలలో ఆర్క్‌సిమ్‌ను బ్లెండర్‌కు జోడించి, ఫలితాలు చూసుకుని, పత్రం రాసుకుంటే ఏ లైసెన్స్‌కూ భంగం లేదు. ఆ జోడించిన ప్రోగ్రామును మిత్రుడికి పంపినా, ఇంటర్నెట్‌లో పెట్టినా సమస్య మొదలవుతుంది. ఇక ఆ పరిశోధనలోని పద్ధతి విషయంలో ఏ అడ్డంకీ లేదు కనుక, సరైన దారి పత్రం నుంచి కోడ్‌ను కొత్తగా రాయడమే. కొత్తవారు ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలో భాగంగా బ్లెండర్ కోసం ఇటువంటి అడాప్టివ్ (మెష్ తానే మారే) క్లాత్ మీద పని జరిగింది కూడా. కష్టమంతా నేను పైన చెప్పిన, పత్రంలో లేని చిన్న నిర్ణయాల దగ్గర వస్తుంది. అక్కడ అసలు కోడ్‌ను ఒకసారి తెరిచి చూడాలనిపిస్తుంది. చూడటం నేరం కాదు. కానీ చూసి రాసినది, పేర్లు మార్చి వరుసలు అటూ ఇటూ జరిపినా, మూలానికి అనుకరణే అని ఎవరైనా వాదిస్తే, కాదని నిరూపించుకోవడం కష్టమవుతుంది. 1980ల్లో ఐబీఎం పీసీ బయోస్‌కు (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మూల కోడ్‌కు) సమానమైనదాన్ని తయారుచేసిన సంస్థలు ఈ కారణంగానే రెండు బృందాలు పెట్టుకున్నాయి. ఒక బృందం అసలు కోడ్ చదివి అది చేసే పనిని మాత్రమే రాసిపెడితే, కోడ్‌ను ఎన్నడూ చూడని రెండో బృందం ఆ వివరణ నుంచి కొత్తది రాసింది. స్వచ్ఛంద ప్రాజెక్టులో అంత ఏర్పాటు సాధ్యం కాకపోవచ్చు. ఏ పత్రాలు చదివారో, ఏ కోడ్ చూశారో, ఏది చూడలేదో ప్యాచ్‌తో పాటు రాసిపెట్టడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. నా అభిప్రాయంలో, నైపుణ్యంతో రాసిన గొప్ప కోడ్ కంటే, కొంచెం నెమ్మదిగా నడిచినా పుట్టుక స్పష్టంగా రాసి ఉన్న కోడ్ ప్రాజెక్టుకు ఎక్కువ విలువైనది. వేగాన్ని తరువాత పెంచుకోవచ్చు, పుట్టుకను తరువాత మార్చలేము.

నిజంగా ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ల మధ్య కూడా పొంతన అన్నిసార్లూ కుదరదు. చాలా స్వేచ్ఛనిచ్చే ఎంఐటీ, మూడు షరతుల బీఎస్‌డీ, జెడ్‌లిబ్ లైసెన్స్‌లతో ఇబ్బంది లేదు. వాటి కాపీరైట్ ప్రకటనలను నిలుపుకుంటే చాలు. బుల్లెట్ ఫిజిక్స్ లైబ్రరీ జెడ్‌లిబ్ లైసెన్స్‌తో ఉన్నందుకే బ్లెండర్ దాన్ని సులువుగా కలుపుకోగలిగింది. కానీ ఈ ప్రవాహం ఒకవైపే సాగుతుంది. బీఎస్‌డీ కోడ్ జీపీఎల్ ప్రాజెక్టులోకి రావచ్చు, జీపీఎల్ కోడ్ బీఎస్‌డీ ప్రాజెక్టులోకి వెళ్ళి బీఎస్‌డీగా ఉండలేదు. బ్లెండర్ క్లాత్ కోడ్ బాగుందని ఎంఐటీ లైసెన్స్‌తో ఉన్న ఒక గేమ్ ఇంజిన్‌లో పెట్టుకోవాలనుకునేవారు ఇది గమనించాలి.

అపాచీ 2.0 లైసెన్స్ దగ్గర మెలిక ఉంది. దాన్లోని పేటెంట్ షరతులు అదనపు ఆంక్షలవుతాయి కనుక అది జీపీఎల్ రెండో సంచికతో పొసగదని, 2007లో వచ్చిన మూడో సంచికతో పొసగుతుందని జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నిర్ధారించింది. బ్లెండర్ సోర్స్‌లో ఎక్కువ భాగం మీద "రెండో సంచిక లేదా ఆ తరువాతిది" అని ఉంటుంది. ఆ "లేదా" అనే మాటే ప్రాజెక్టును కాపాడింది. 2013లో బ్లెండర్‌లో తుది చిత్రాన్ని గీసే సైకిల్స్ రెండరింగ్ ఇంజిన్‌ను అపాచీ కిందికి మార్చినా, మొత్తం బ్లెండర్‌ను మూడో సంచిక కింద పంపిణీ చేసే వెసులుబాటు దాని వల్లే ఉంది. రెండో సంచికకే కట్టుబడ్డ ప్రాజెక్టులకు ఆ దారి లేదు. జపాన్‌లోని ఆన్‌లైన్ దుస్తుల సంస్థ జోజో పరిశోధకులు విడుదల చేసిన పీపీఎఫ్ కాంటాక్ట్ సాల్వర్ (సాల్వర్ అంటే సమీకరణాలు సాధించే కోడ్) అపాచీ 2.0 కిందే ఉంది, కనుక లైసెన్స్ పరంగా బ్లెండర్‌కు అది అందుబాటులో ఉన్నట్టే. అయితే అది ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల మీదే నడుస్తుంది కనుక సాంకేతికంగా అందరికీ పనికిరాదు.

పేరు చూసి లైసెన్స్‌ను ఊహించకూడదు. ఎన్విడియా 2018 డిసెంబరులో తన భౌతిక సిమ్యులేషన్ లైబ్రరీ ఫిజ్‌ఎక్స్‌ను బీఎస్‌డీ కింద విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. అదే సంస్థ క్లాత్ లైబ్రరీ ఎన్‌విక్లాత్ సోర్స్ గిట్‌హబ్‌లో కనిపిస్తున్నా, దాని మీద ఎన్విడియా సొంత లైసెన్స్ ఉండేది. సంస్థ ఒకటైనంత మాత్రాన లైసెన్స్ ఒకటి కాదు. మరోవైపు, లైసెన్స్ ఎప్పటికీ మారదనుకోవడం కూడా పొరపాటే. యానిమేషన్ సంస్థ పిక్సార్ 2012లో, మెష్‌ను నునుపు చేసే తన ఓపెన్‌సబ్‌డివ్ లైబ్రరీని మొదట మైక్రోసాఫ్ట్ పబ్లిక్ లైసెన్స్‌తో ఇచ్చింది, అది జీపీఎల్‌తో పొసగదు. ఆ తరువాత సవరించిన అపాచీ లైసెన్స్‌కు మార్చడంతో బ్లెండర్ దాన్ని చేర్చుకోగలిగింది. కోడ్ యజమానిని మర్యాదగా అడగడం అన్నిటికంటే తక్కువగా వాడే మార్గం, తరచూ అన్నిటికంటే మంచి మార్గం. వాణిజ్య వాడకాన్ని నిషేధించిన పరిశోధకులలో చాలామంది ఆ నిబంధనను ఆలోచించి పెట్టినవారు కారు, విశ్వవిద్యాలయం ఇచ్చిన నమూనా పాఠాన్ని అతికించినవారు.

అయితే అడగవలసింది ఎవరినో తెలియాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశోధనా కోడ్ మీద హక్కు తరచూ సంస్థదే. పత్రం రాసిన అధ్యాపకుడు సరేనన్నా అది చెల్లకపోవచ్చు. మన దేశంలో కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ బాధ్యతల్లో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగం ఇచ్చిన సంస్థ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గ్రాఫిక్స్ కంపెనీలో పగలు క్లాత్ సాల్వర్ రాస్తూ, రాత్రి అదే విషయం మీద ఓపెన్ సోర్స్‌కు కోడ్ ఇచ్చే తెలుగు ఇంజనీర్లు ఈ సెక్షన్‌ను, తాము సంతకం చేసిన నియామక పత్రాన్ని తప్పక చదవాలి. సొంత సమయంలో, సొంత కంప్యూటర్‌లో రాసినదాన్ని కూడా తనదిగా చెప్పుకునే ఒప్పందాలు ఉన్నాయి. సంస్థ నుంచి ముందే రాతపూర్వక అనుమతి తీసుకుంటే, ఆ కోడ్‌ను స్వీకరించే ప్రాజెక్టుకు కూడా రక్షణ.

పేటెంట్ వీటన్నిటికీ భిన్నం. కాపీరైట్‌కు భయపడనక్కర్లేని చోట, అంటే పత్రం చదివి పూర్తిగా సొంతంగా రాసిన చోట కూడా, పేటెంట్ అడ్డు రావచ్చు. స్వతంత్రంగా కనిపెట్టానన్న సమాధానం అక్కడ పనిచేయదు. 2011 నవంబరులో డూమ్ 3 అనే వీడియోగేమ్ సోర్స్‌ను జీపీఎల్ కింద విడుదల చేసే ముందు, నీడలను గీసే ఒక మెళకువ మీద క్రియేటివ్ సంస్థకు ఉన్న పేటెంట్ కారణంగా, దాని ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కొన్ని వరుసలు మార్చి రాయవలసి వచ్చింది. ఆ కోడ్ ఆయన సొంతంగా రాసినదే. సహజంగా కనిపించే యాదృచ్ఛిక నమూనాలను పుట్టించే త్రిమితీయ సింప్లెక్స్ నాయిస్ పద్ధతి మీద ఉన్న పేటెంట్ భయంతో 2014లో ఓపెన్‌సింప్లెక్స్ అనే ప్రత్యామ్నాయం పుట్టింది. ఆ పేటెంట్ 2022 జనవరిలో ముగిసింది. పేటెంట్‌కు రెండు హద్దులున్నాయి. దరఖాస్తు చేసిన నాటి నుంచి సాధారణంగా 20 ఏళ్ళకు అది ముగుస్తుంది కనుక 1998, 2002 నాటి పత్రాల్లోని మూల పద్ధతుల మీద అప్పట్లో పేటెంట్ తీసుకుని ఉన్నా అది ఇప్పటికి ముగిసి ఉండాలి. ఆ పద్ధతులు అప్పుడే ప్రచురితమయ్యాయి కనుక వాటి మీద కొత్తగా ఎవరూ హక్కు పొందలేరు. రెండోది, అది ఇచ్చిన దేశంలోనే చెల్లుతుంది. భారత పేటెంట్ చట్టం 3(కె) సెక్షన్ గణిత పద్ధతులకు, అల్గారిథంలకు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంట్ ఇవ్వరాదంటుంది. అయితే బ్లెండర్ అన్ని దేశాల్లోనూ డౌన్‌లోడ్ అవుతుంది కనుక మన చట్టం ఒక్కటే రక్షణ కాదు. అపాచీ లైసెన్స్, జీపీఎల్ మూడో సంచిక 11వ సెక్షన్ కోడ్ ఇచ్చినవారి పేటెంట్లకు అనుమతిని కూడా కోడ్‌తో కలిపి ఇప్పిస్తాయి. కోడ్‌తో సంబంధం లేని మూడో వ్యక్తి పేటెంట్ నుంచి ఏ లైసెన్సూ కాపాడలేదు.

పొసగని కోడ్‌ను బ్లెండర్‌లో కలపకుండా, వేరే ప్రోగ్రాముగా నడిపి, మెష్‌ను ఫైలుగా పంపి ఫలితాన్ని ఫైలుగా తీసుకునే దారి ఒకటి ఉంది. రెండూ వేర్వేరు ప్రోగ్రాములుగా, సాధారణ ఫైళ్ళ ద్వారా మాట్లాడుకుంటున్నంత వరకు సాధారణంగా వాటి లైసెన్స్‌లు కలవవు. బ్లెండర్ పైథాన్ ఏపీఐని (పైథాన్ భాషలో బ్లెండర్‌ను నడిపించే మార్గాన్ని) నేరుగా వాడే యాడ్‌ఆన్ (అదనపు ప్రోగ్రాము) మాత్రం జీపీఎల్‌కు అనుగుణంగా ఉండాలన్నది ఫౌండేషన్ వైఖరి. కనుక ఆ వంతెన కోడ్ జీపీఎల్‌లో, సిమ్యులేటర్ తన లైసెన్స్‌లో విడిగా ఉండాలి. ఇది పరిశోధకులకు చక్కగా సరిపోతుంది. కళాకారులకు మాత్రం ప్రతి చిన్న మార్పుకూ ఫైలు పంపి తెప్పించుకోవడం భారమే. వాణిజ్య వాడకాన్ని నిషేధించిన సిమ్యులేటర్‌నైతే జీతానికి పనిచేసే కళాకారుడు ఈ మార్గంలో కూడా వాడకూడదు. ఇక, బ్లెండర్‌తో చేసిన బొమ్మకు, సినిమాకు జీపీఎల్ వర్తించదు, అవి చేసినవారివే.

హక్కులు లేని కోడ్ ఇప్పటికే కలిసిపోయిందని తరువాత తెలిస్తే ఏమి చేయాలన్నది చివరి ప్రశ్న. ప్రధాన శాఖ నుంచి తీసివేయడం తేలిక. కానీ కోడ్‌లోని ప్రతి మార్పునూ దాచే గిట్ చరిత్రలో ఆ కోడ్ అలాగే ఉంటుంది, విడుదలైన సంచికల సోర్స్ ప్యాకేజీల్లోనూ ఉంటుంది. వాటిని సర్వర్ల నుంచి తొలగించాలా, చరిత్రను తిరగరాయాలా అన్నది హక్కుదారుతో మాట్లాడి తేల్చుకోవలసిందే. ఈలోగా ఆ సాల్వర్‌తో వందల షాట్లు సిద్ధం చేసుకున్నవారు ఉంటారు. దాని స్థానంలో కొత్త సాల్వర్ పెడితే, పాత ఫైళ్ళలోని గట్టిదనం, వంపు, ఘర్షణ విలువలు అవే ఉన్నా గుడ్డ మునుపటిలా పడదు, ఎందుకంటే ఆ సంఖ్యల అర్థం సాల్వర్‌ను బట్టి మారుతుంది. అటువంటి మార్పు చేసే నిర్వాహకులు కొత్త సంచిక విడుదలకు ముందే, ఏది ఎందుకు తొలగిందో, సిమ్యులేషన్ ఫలితాలను పాత సంచికలోనే బేక్ చేసి (లెక్క పూర్తిచేసి ఫైలుగా నిలిపి) భద్రపరచుకోవడం ఎలాగో విడుదల గమనికల్లో రాసిపెట్టాలి. పని మధ్యలో ఉన్న స్టూడియోలకు సమయం ఉండేలా ఆ ప్రకటన ముందుగా వెలువడాలి.